చెయ్యి వదలగలిగే దీవి: చిన్నపిల్లలతో స్వీడన్‌లో కార్లు లేని దీవుల్లో దేనికి వెళ్ళాలి?

మా చిన్నోడికి రెండున్నరేళ్ళు వచ్చేదాకా ఇంటి బయట వాడి మణికట్టు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. గోథెన్‌బర్గ్‌లో గుమ్మం దాటితే ట్రామ్ పట్టాలు, ఆ పక్కన సైకిళ్ళ దారి, దాని పక్కన కార్ల రోడ్డు. "చెయ్యి వదలకు" అన్నది వాడు బాగా విన్న మొదటి తెలుగు మాటల్లో ఒకటి. ఓ జూన్ నెలలో వ్రోంగో దీవిలో పడవ దిగి, రేవు నుంచి ఊళ్ళోకి వెళ్ళే సన్నటి దారిలో నాలుగడుగులు వేశామో లేదో, వాడు చెయ్యి లాక్కుని పరుగు తీశాడు. అలవాటుగా అరవబోయి ఆగాను. చుట్టూ చూశాను. దారికి రెండు వైపులా పొట్టి గోడలు, ఆరేసిన బట్టలు, ఎవరివో సైకిళ్ళు. ఎదురుగా వచ్చేది ఏమీ లేదు. వాణ్ణి పరిగెత్తనిచ్చాను.

ఆ తర్వాత ప్రతి వేసవికీ ఏదో ఒక దీవికి వెళ్తూనే ఉన్నాం. గోథెన్‌బర్గ్‌లో వోల్వోలోనో, స్టాక్‌హోం పక్క కిస్తాలో ఎరిక్సన్‌లోనో పనిచేసే తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. వేసవిలో అమ్మమ్మలూ తాతయ్యలూ ఇండియా నుంచి వస్తారు. అప్పుడు అందరి ఇళ్ళలోనూ వచ్చే ప్రశ్న ఒకటే, "పిల్లల్ని తీసుకుని ఏ దీవికి వెళ్దాం?" అని.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. అందాన్ని బట్టి ఎంచుకోకండి. ఈ దీవులు అన్నీ అందంగానే ఉంటాయి. రెండు విషయాలు లెక్క చూసుకోండి. ఇంటి తలుపు నుంచి దీవి రేవు దాకా ఎన్నిసార్లు ఎక్కి దిగాలి అన్నది మొదటిది. దీవిలో దిగాక పిల్లలు ఆడుకునే నీళ్ళ ఒడ్డు ఎంత దూరం నడవాలి అన్నది రెండోది. స్ట్రోలర్, డైపర్ల సంచి, అన్నం డబ్బాలు, నిద్రలో ఉన్న పిల్ల, వీటన్నిటితో మూడోసారి బండి మారేటప్పటికే పెద్దవాళ్ళకి ఓపిక అయిపోతుంది. పెద్దవాళ్ళకి ఓపిక అయిపోయాక దీవి ఎంత బావున్నా ఒకటే.

కార్లు లేవంటే బండ్లు అసలు లేవని కాదు

ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఈ దీవుల్లో కాపురాలున్నాయి, బడులున్నాయి, దుకాణాలున్నాయి. సరుకులు మోసుకోవడానికి వాళ్ళు వాడేది ఫ్లాక్‌మోపెడ్. మూడు చక్రాలు, ముందు చెక్క తొట్టి, వెనక నడిపేవాళ్ళ సీటు. ఆ తొట్టిలో కిరాణా సంచులు, రంగు డబ్బాలు, ఒక్కోసారి ఓ పెద్దావిడ, ఆవిడ ఒళ్ళో కుక్కపిల్ల. మా పెద్దదానికి ఇప్పటికీ దీవి అంటే ముందు గుర్తొచ్చేది ఆ బండే. వీటితో పాటు గోల్ఫ్ కార్ట్‌లు, చిన్న ట్రాక్టర్లు, లెక్కలేనన్ని సైకిళ్ళు ఉంటాయి. దారులు సన్నగా ఉంటాయి, మలుపు అవతల ఏముందో కనపడదు. అందుకే మా ఇంట్లో ఒక రూలు పెట్టుకున్నాం: మోపెడ్ చప్పుడు వినపడగానే దారి పక్క గడ్డిలోకి దిగి నిలబడి, చెయ్యి ఊపాలి. వాళ్ళూ చెయ్యి ఊపుతారు. పిల్లలకి అదొక ఆట అయిపోయింది.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది పడవ టైముకి ముందు పది నిమిషాలు. ఊళ్ళో వాళ్ళంతా రేవు వైపు సైకిళ్ళ మీద దిగుతుంటారు, వాలులో వేగంగా వస్తారు. ఆ పది నిమిషాలు మాత్రం చెయ్యి పట్టుకోండి.

ఇంకోటి, కార్ల భయం పోయిన చోట నీళ్ళ భయం ఉంటుంది. రేవుల్లో చెక్క వంతెనలకి చాలాచోట్ల కటకటాలు ఉండవు. ఇక్కడి పిల్లలు నీళ్ళలోకి దిగకపోయినా, వంతెన మీద ఆడుకునేటప్పుడు కూడా లైఫ్ జాకెట్ వేసుకునే కనిపిస్తారు. మనమూ ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. బరువుకు తగ్గ సైజు, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కొనండి. ఆ పట్టీ లేకపోతే నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ తల మీదుగా పైకి జారిపోతుంది.

మొదటిసారి అయితే: గోథెన్‌బర్గ్ దక్షిణ దీవులు

నడక ఇంకా కుదురుకోని పిల్లలున్నవాళ్ళు మొదటిసారి వెళ్ళేందుకు వీటిని మించినవి లేవని నా అభిప్రాయం. కారణం, ఎక్కి దిగే లెక్క. ఊరి మధ్యలో 11 నంబరు ట్రామ్ ఎక్కితే అరగంట పైన ప్రయాణం, చివరి స్టాపు సాల్ట్‌హోల్మెన్. అక్కడ ట్రామ్ దిగి కొద్ది దూరం నడిస్తే పడవ. ట్రామ్‌కి కొన్న వెస్ట్‌ట్రాఫిక్ (ఇక్కడి ప్రజా రవాణా సంస్థ) టికెట్టే పడవకీ చెల్లుతుంది, పెద్దవాళ్ళతో వచ్చే 7 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. స్ట్రోలర్ మడవకుండానే తోసుకుంటూ ఎక్కొచ్చు. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ఎండ కాసిన వారాంతంలో సాల్ట్‌హోల్మెన్‌కి కారులో వెళ్ళకండి. పార్కింగ్ దొరకదు. దీవికి వెళ్ళే పడవ కళ్ళ ముందే కదిలిపోతుంటే మీరు ఇంకా కారులో చక్కర్లు కొడుతుంటారు.

ఇక్కడ ఆస్పెరో, బ్రెన్నో, స్టిర్సో, డోన్సో, వ్రోంగో ఇలా వరసగా దీవులున్నాయి. పక్కపక్కనే ఉన్నా ఒక్కోదాని తీరు ఒక్కోటి.

స్టిర్సోని నేను పెద్దవాళ్ళతో వెళ్ళే దీవి అంటాను. బ్రాటెన్ రేవులో దిగితే స్నానాల ఒడ్డు దగ్గరే. వంద పైచిలుకు ఏళ్ళ కిందట ఊరి ధనవంతులు సముద్ర స్నానాలకి వచ్చిన చోటు ఇది, చెక్క అల్లికలున్న పాతకాలపు ఇళ్ళు ఇప్పటికీ చూడొచ్చు. దుకాణం ఉంది, దారులు చాలావరకు స్ట్రోలర్‌కి అనువుగానే ఉంటాయి, కాకపోతే ఎత్తుపల్లాలు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారు రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని పడవలు చూస్తూ రెండు గంటలు గడిపారు. ఆవిడది కోనసీమ. "మా లంకల్లోనూ ఇంతే కదే, పొద్దున్న లేస్తే పడవ టైము చూసుకోవడమే," అన్నారు. స్టిర్సో నుంచి డోన్సోకి వంతెన ఉంది, నడిచే వెళ్ళొచ్చు. ఓడల కంపెనీలకి పేరున్న చిన్న ఊరు డోన్సో, రేవులో పెద్ద పడవలు చూడటం పిల్లలకి బాగా నచ్చుతుంది.

బ్రెన్నో ఇంకా దగ్గర, పడవలో సుమారు 20 నిమిషాలు. కానీ అక్కడ రేవు నుంచి మంచి చోట్లకి నడక ఎక్కువ. దాని పక్కనే గాల్టెరో అనే జనం లేని దీవి, రాళ్ళ కట్ట మీదుగా నడిచి వెళ్ళొచ్చు. గొర్రెలు మేస్తుంటాయి, పక్షులు ఎక్కువ. నడవగలిగిన ఆరేడేళ్ళ పిల్లలకి బావుంటుంది, స్ట్రోలర్‌తో వెళ్ళడం కుదరదు. వేసవిలో గురువారం సాయంత్రాలు బ్రెన్నో రేవులో డ్యాన్సులు జరుగుతాయి, తరతరాలుగా వస్తున్న వేడుక. పిల్లల నిద్ర టైముకి అది సరిపడదు, తిరుగు పడవలు కిక్కిరిసి ఉంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వ్రోంగో. జనం ఉండే దీవుల్లో దక్షిణాన చివరిది. ఎక్కిన పడవను బట్టి ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది. మధ్యలో ఒక్కో రేవులో ఆగుతూ, మోపెడ్లనీ సైకిళ్ళనీ దింపుతూ పోయే ఆ గంట పిల్లలకి విసుగనిపించదు. ఊరు చిన్నది, దీవికి రెండు చివర్లా రక్షిత ప్రాంతం. కాలిబాటలకి గుర్తులు పెట్టి ఉంటాయి, చదునైన రాతి బండలు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి, లోతులేని ఇసుక ఒడ్డు ఉంది. ఊళ్ళోని దారుల్లో స్ట్రోలర్ తిరుగుతుంది. రక్షిత ప్రాంతంలో మాత్రం బిడ్డని వీపున కట్టుకోవాల్సిందే. స్టిర్సోలో ఉన్నన్ని సౌకర్యాలు ఇక్కడ లేవు, తిండి మూట దండిగా కట్టుకెళ్ళాలి.

ఈ రెంటిలో ఏదని అడిగితే: అమ్మమ్మ తాతయ్యలు వెంట ఉంటే స్టిర్సో, మీరూ పిల్లలే అయితే వ్రోంగో.

సైకిల్ తొక్కే పిల్లలుంటే: కోస్టర్

నార్వే సరిహద్దు దగ్గర, స్ట్రోమ్‌స్టాడ్ అవతల ఉన్న రెండు దీవులివి, ఉత్తర కోస్టర్, దక్షిణ కోస్టర్. స్వీడన్‌లో జనం ఉండే దీవుల్లో పశ్చిమాన చిట్టచివరివి. చుట్టూ ఉన్న సముద్రాన్ని 2009 సెప్టెంబరులో కోస్టర్‌హావెట్ పేరుతో జాతీయ పార్కుగా ప్రకటించారు, స్వీడన్‌లో మొట్టమొదటి సముద్ర జాతీయ పార్కు ఇదే. దీవుల పక్కనున్న కోస్టర్ ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ 200 మీటర్లు దాటిన లోతు. అడుగున చల్లటి, ఉప్పటి నీళ్ళు ఉండటంతో మామూలుగా అట్లాంటిక్ లోతుల్లో ఉండే జీవులు ఇక్కడ బతుకుతాయి, చన్నీటి పగడాలు కూడా. 6,000 పైగా జాతులు, వాటిలో సుమారు 200 దేశంలో ఇంకెక్కడా కనిపించవు.

పిల్లలకి ఇదంతా అర్థమయ్యేది దక్షిణ కోస్టర్‌లోని ఎకెనేస్ రేవు దగ్గరున్న నాటూరుమ్‌లో. జాతీయ పార్కుల దగ్గర ఉండే సందర్శకుల కేంద్రాన్ని ఇక్కడ అలా పిలుస్తారు, ప్రవేశం ఉచితం. అక్కడి తొట్ల ముందు మా పెద్దది నక్షత్ర చేపని చూస్తూ ఎంతసేపు నిలబడిందంటే, ఒక పడవ వదిలేసుకుని తర్వాతి దానికి వెళ్ళాం.

దక్షిణ కోస్టర్‌లో సైకిల్ లేకపోతే పిల్లలతో తిరగడం కష్టం. రేవుల దగ్గర అద్దెకిస్తారు, చిన్నపిల్లల సీటు ఉన్నవీ, వెనక తగిలించే పిల్లల బండి ఉన్నవీ దొరుకుతాయి. జులైలో ముందే బుక్ చేసుకోవాలి. లోంగెగార్డె రేవు నుంచి ఎకెనేస్ సుమారు 3 కిలోమీటర్లు, దారి చాలావరకు సాఫీగా ఉంటుంది. ఇసుక ఒడ్డులు కావాలంటే కీలెసాండ్, రోర్విక్ వైపు వెళ్ళాలి. ఉత్తర కోస్టర్ చిన్నది, బండరాళ్ళు ఎక్కువ, నడకకే అనుకూలం. రెంటి మధ్య తాడుతో లాగే చిన్న ఫెర్రీ ఉంది.

ఇబ్బంది అంతా అక్కడికి చేరుకోవడంలోనే. గోథెన్‌బర్గ్ నుంచి స్ట్రోమ్‌స్టాడ్‌కి రెండు గంటల పైన ప్రయాణం, ఆపైన పడవలో ముప్పావు గంట. ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకుంటే పిల్లలకి మిగిలేది ప్రయాణమే. కనీసం రెండు రాత్రులు ఉండగలిగితేనే కోస్టర్ పెట్టుకోండి. సొంతంగా సైకిల్ తొక్కగలిగే ఐదారేళ్ళ పిల్ల ఉంటే మాత్రం నేను చెప్పిన వాటన్నిటిలో ఇదే ముందు. కారు రాదని తెలిసిన దారిలో పిల్ల మనకన్నా ముందు వెళ్ళి, మలుపు దగ్గర ఆగి, మనకోసం ఎదురుచూడటం ఊళ్ళో జరిగే పని కాదు.

మార్‌స్ట్రాండ్: కోట కోసం

దీవికి చేరడం తేలిక. గోథెన్‌బర్గ్ నుంచి బస్సులో దాదాపు గంట, కోయెన్ అనే చోట దిగి ఫెర్రీ ఎక్కితే రెండు మూడు నిమిషాల్లో అవతల ఉంటారు. కార్లతో వచ్చినవాళ్ళు కూడా కోయెన్‌లోనే ఆపుకోవాలి. దీవి నెత్తిన కార్ల్‌స్టెన్ కోట. 1658లో ఈ ప్రాంతం డెన్మార్క్-నార్వే నుంచి స్వీడన్ చేతికి వచ్చాక కట్టడం మొదలుపెట్టారు, రాళ్ళు మోసింది ఖైదీలు. ఆడవేషంలో దొంగతనాలు చేసి పేరుపడ్డ లాస్సె-మాయా అనే దొంగని ఇక్కడే బంధించారు. ఆ కథ చెప్తే ఐదేళ్ళు దాటిన పిల్లలు కోటలో ప్రతి చీకటి గదిలోకీ తొంగి చూస్తారు.

కానీ రెండేళ్ళ పిల్లలతో నేను మార్‌స్ట్రాండ్‌కి వెళ్ళమని చెప్పను. రాళ్ళు పరిచిన దారులు నిటారుగా ఎక్కుతాయి, స్ట్రోలర్ తోసేవాళ్ళకి నడుము పట్టేస్తుంది. వేసవిలో యాచ్‌ల పోటీలు, రెస్టారెంట్లు, జనం. స్నానానికి ఎక్కువగా రాతి బండలే. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయి, మీకు ఒక్క పూటే ఉంటే బావుంటుంది.

ఆ తీరంలోనే ఆస్టోల్, షేరింగోన్ వంటి చిన్న దీవులూ ఉన్నాయి. ఉత్త బండరాయి మీద తెల్లటి ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, ఫొటోల్లో చూస్తే అక్కడికే వెళ్ళాలనిపిస్తుంది. ఇంటి అంచు నుంచి నీళ్ళ అంచుకి పెద్ద దూరం ఉండదు. నడక నేర్చుకుంటున్న పిల్లతో అక్కడ మీరు ఒక్క క్షణం కూర్చోలేరు. కొన్నేళ్ళు ఆగండి.

స్టాక్‌హోం వైపు: గ్రిండా, సాండ్‌హామ్న్, ఫ్యెడర్‌హోల్మార్నా

స్టాక్‌హోం చుట్టూ సుమారు 30,000 దీవులూ రాతి దిబ్బలూ ఉన్నాయి. పిల్లలతో నేను మళ్ళీ మళ్ళీ పేరు చెప్పేది గ్రిండా. ఊరి మధ్య నుంచి పడవలో గంటన్నర అటూ ఇటూ. ఒక్కసారి ఎక్కితే ఒక్కసారే దిగడం, మధ్యలో మార్పులు లేవు. దీవి అంతా రక్షిత ప్రాంతం. పశువులున్న చిన్న పొలం, దుకాణం, అద్దె గుడిసెలు, గుడారాలు వేసుకునే చోటు, లోతులేని నీళ్ళున్న ఒడ్డులు, అన్నీ నడక దూరంలో. పెద్ద రాతి భవనం ఒకటి ఉంది, ఇప్పుడది సత్రమూ రెస్టారెంటూ. నోబెల్ ఫౌండేషన్ మొదటి డైరెక్టర్ హెన్రిక్ సాంటెసన్ 1900ల తొలినాళ్ళలో తన వేసవి ఇల్లుగా కట్టించుకున్నాడు. దీవికి ఉత్తరాన ఒక రేవు, దక్షిణాన ఒక రేవు. తిరుగు పడవ ఏ రేవు నుంచో పొద్దున్నే చూసి పెట్టుకోండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి అడవిలో నడవాలి.

ఈ దీవుల్లో చిన్న రేవులకి ఒక పద్ధతి ఉంది. వంతెన చివర స్తంభానికి ఒక పలక ఉంటుంది, సెమాఫోర్ అంటారు. పడవ ఎక్కాలనుకుంటే దాన్ని పైకి తిప్పాలి, దూరం నుంచి కెప్టెన్‌కి అది కనిపిస్తే పడవ ఇటు తిరుగుతుంది. పైకి ఎత్తకపోతే ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతుంది. ఎక్కాక మళ్ళీ కిందికి దించాలి. ఆ పని పిల్లలకి అప్పగించండి. మా పెద్దది ఆ పలక తిప్పి, అంత పెద్ద పడవ తన వైపు తిరగడం చూసినప్పుడు ఊపిరి బిగబట్టింది.

సాండ్‌హామ్న్ పేరు అందరికీ తెలుసు. పడవ పోటీల ఊరు, దీవి పేరులోనే ఇసుక ఉంది. ట్రూవిల్ అనే ఒడ్డు నిజంగా మంచి ఇసుక ఒడ్డు, రాతి బండల మధ్య అలాంటిది అరుదు. కానీ స్టాక్‌హోం మధ్యలోని స్లుస్సెన్‌లో బస్సెక్కి స్టావ్స్‌నేస్ వెళ్ళి, అక్కడ పడవ ఎక్కి, దిగాక పైన్ చెట్ల మధ్య ఇరవై నిమిషాల నడక. దారుల్లో ఇసుక, స్ట్రోలర్ చక్రాలు కూరుకుపోతాయి. పెద్ద చక్రాల బండి ఉంటే సరే, లేకపోతే వీపు మీదే. నడవగలిగే పిల్లలకి ఆ ఒడ్డు శ్రమకి తగ్గ ఫలితం ఇస్తుంది.

చేతిలో సగం రోజే ఉంటే, లేదా మీ పిల్లలు పడవలో ఎలా ఉంటారో తెలియకపోతే, ఫ్యెడర్‌హోల్మార్నాతో మొదలుపెట్టండి. ఊరి నుంచి అరగంట లోపు. పడవలు ముఖ్యంగా వేసవిలో నడుస్తాయి. ఐస్‌క్రీం, బండరాళ్ళు, నీళ్ళు. ఇండియా నుంచి మూడు నాలుగు రోజులకే స్టాక్‌హోం చూడటానికి వచ్చేవాళ్ళకి నేను చెప్పేదీ ఇదే.

దక్షిణాన, మాల్మో, లుండ్ వైపు ఉండేవాళ్ళు వేన్ గురించి అడుగుతారు. లాండ్స్‌క్రోనా నుంచి అరగంట పడవ. అది పూర్తిగా కార్లు లేని దీవి కాదు, అక్కడివాళ్ళకి కార్లున్నాయి. వెళ్ళేవాళ్ళు మాత్రం ఎక్కువగా పసుప్పచ్చ అద్దె సైకిళ్ళ మీదే తిరుగుతారు. 1576లో డెన్మార్క్ రాజు ఈ దీవిని ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహేకి ఇచ్చాడు, దూరదర్శిని లేని ఆ రోజుల్లో నక్షత్రాల లెక్కలు ఇక్కడే కట్టాడు. చుక్కల పిచ్చి ఉన్న పిల్లలకి మంచిది. టోరెకోవ్ నుంచి వెళ్ళే హాలాండ్స్ వేడెరో నిజంగా కార్లు లేనిది, సీళ్ళు కనిపిస్తాయి, తిండీ తిప్పలూ మాత్రం మనమే పట్టుకెళ్ళాలి.

పడమటి సముద్రమా, తూర్పు సముద్రమా

దీవిని ఎంచుకునేటప్పుడు చాలామంది ఇది ఆలోచించరు. పిల్లలకి మాత్రం చాలా తేడా.

పడమటి తీరంలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వెయ్యికి 20 నుంచి 30 వంతులు. పీతలుంటాయి. స్టాక్‌హోం వైపు ఉప్పు వెయ్యికి 6 వంతులే, ఆ పీతలు అక్కడ బతకవు. పడమటి తీరంలో పిల్లల పెద్ద ఆట పీతలు పట్టడమే. దారానికి ఓ చివర బట్టలారేసే క్లిప్పు కడతారు. వంతెన స్తంభానికి అంటుకుని ఉన్న ఆల్చిప్పని పీకి, రాయితో పగలగొట్టి, లోపలి మెత్తటి నారింజ రంగు కండని ఆ క్లిప్పుకి తగిలించి నీళ్ళలోకి వదులుతారు. నిమిషం గడవకముందే దారం బరువెక్కుతుంది. అప్పుడు గబుక్కున లాగకూడదు, పీత వదిలేస్తుంది. మెల్లగా పైకి తెచ్చి, అది నీళ్ళపైకి రాగానే ఇంకొకరు బకెట్ అడ్డం పెట్టాలి. బకెట్‌లో సముద్రపు నీళ్ళే పొయ్యాలి, నీడలో పెట్టాలి, ఆట అయ్యాక అన్నిటినీ ఒడ్డున వరసగా వదిలి ఏది ముందు నీళ్ళలోకి చేరుతుందో చూడాలి. మా చిన్నోడు మొదటి పీతని చూసి వెనక్కి గెంతాడు. మూడో పీత దగ్గరికి వచ్చేసరికి బకెట్ వాడి చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆ తీరంలోనే ఎర్రటి కుట్టే జెల్లీచేపలు కూడా ఉంటాయి, బ్రెన్‌మానెట్ అంటారు. పొడుగాటి పీచులు తగిలితే మంట. దిగే ముందు వంతెన మీద నుంచి నీళ్ళలోకి చూడండి. తగిలితే రుద్దకండి, సముద్రపు నీళ్ళతో కడగండి. లేత రంగులో, గుండ్రంగా, నాలుగు వలయాలతో ఉండేవి ఏమీ చెయ్యవు.

తూర్పు వైపు జెల్లీచేపల బాధ దాదాపు లేదు, చిన్నపిల్లల కళ్ళకి ఉప్పు మంట లేదు. అయితే ఎండలు ఎక్కువైన వేసవి చివర్లో నీలి ఆకుపచ్చ నాచు తేలుతుంది, రంగు కలిపినట్టు చిక్కగా కనిపిస్తుంది. అది విషం కావొచ్చు. పిల్లలు నీళ్ళు మింగుతారు కాబట్టి ఆ రోజు స్నానం మానుకోవాల్సిందే.

ఎప్పుడు, ఎన్ని రోజులు, సంచిలో ఏమిటి

స్వీడన్ బడులకి జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా సెలవులు. పడవలు ఎక్కువగా తిరిగేది, దుకాణాలు తెరిచి ఉండేది అప్పుడే, జనమూ అప్పుడే. బడికి వెళ్ళని పిల్లలుంటే జూన్ మొదటి రెండు వారాలు నాకు ఇష్టం. నీళ్ళు చల్లగా ఉంటాయి, కానీ ఒడ్డంతా మనదే. స్వీడన్‌లో పెద్ద పండగైన మిడ్‌సమ్మర్ శుక్రవారం, అంటే జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చేది, ఆ రోజు మాత్రం పిల్లలతో పడవ ఎక్కాలని చూడకండి.

తిరుగు ప్రయాణం ముందే ఆలోచించండి. ఒకసారి ఎండ బాగా కాసిన ఆదివారం సాయంత్రం రేవుకి వచ్చేసరికి పడవ నిండిపోయింది. తర్వాతి దాని కోసం గంట పైన గాలిలో నిలబడ్డాం, చిన్నోడు తడి బట్టల్లో, పెద్దది ఆకలితో. అప్పటి నుంచి చివరి పడవకి కాదు, దానికి ముందు పడవకి కూడా ముందున్న దానికి బయల్దేరుతున్నాం. ఒక జత పొడి బట్టలు, ఒక అన్నం డబ్బా ఆ రేవు కోసమే దాచిపెడతాను.

రాత్రి ఉండాలంటే గుడిసెల కోసం చలికాలంలోనే వెతకడం మొదలుపెట్టండి. చాలాచోట్ల పడక దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు మనమే శుభ్రం చెయ్యాలి. వంటగది ఉంటుంది, అది మనకి పెద్ద సుఖం. దీవి దుకాణంలో పాలు, బ్రెడ్డు, బంగాళాదుంపలు, పెరుగు దొరుకుతాయి. బియ్యం, కందిపప్పు, చింతపండు, కారం, ఓ చిన్న సీసా ఆవకాయ ఇంటి నుంచి. శాకాహారులైతే రెస్టారెంట్ల మీద ఆశ పెట్టుకోకండి, ఈ దీవుల తిండి ఎక్కువగా చేపలూ రొయ్యలూ. జూన్, జులైల్లో రాత్రి పదింటికీ వెలుతురే. కిటికీకి కట్టుకునే నల్లటి గుడ్డ ఒకటి పెట్టుకోకపోతే పిల్లలు నిద్రపోరు.

పేల్లాంటి చిన్న పురుగులు, గడ్డిలో ఉంటాయి, ఫేస్టింగ్ అంటారు. వీటి విషయంలో నేను ఎవరితోనూ మొహమాటపడను. మెదడువాపు తెచ్చే టీబీఈ వైరస్‌ని ఇవి మోస్తాయి. స్టాక్‌హోం దీవుల్లో అది ఎప్పటి నుంచో ఉంది, పడమటి వైపూ ఉంది. టీకా ఏడాది దాటిన పిల్లలకి వేస్తారు, మొదటి వేసవికే రెండు డోసులు కావాలి, మధ్యలో నెల నుంచి మూడు నెలల ఎడం. అంటే వసంతంలోనే మొదలుపెట్టాలి. ఇవే తెచ్చే లైమ్ జబ్బుకి టీకా లేదు. రోజూ రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదట్లో వేలితో తడిమి చూడండి. పురుగు కనిపిస్తే మందుల దుకాణంలో దొరికే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తీసెయ్యండి, నూనె రాయకండి. తర్వాత రోజుల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెరుగుతుంటే వైద్య సలహా ఇచ్చే 1177 నంబరుకి ఫోన్ చెయ్యండి. వీటికి భయపడి దీవులు మానుకోనక్కర్లేదు, ఇక్కడి పిల్లలంతా ఇలాగే పెరుగుతున్నారు.

ఈ వేసవికి మేము కోస్టర్ అనుకుంటున్నాం, మూడు రాత్రులు. పెద్దది తన సైకిల్ తనే తొక్కుతానంటోంది. చిన్నోడు వెనక బండిలో, ఒళ్ళో బకెట్‌తో. బట్టల క్లిప్పులు నాలుగు ఇప్పటికే వాడి సంచిలోకి చేరిపోయాయి.